ఇంట్లో వస్తువులతో స్వయంతృప్తి: ఏది పర్వాలేదు, ఏది ప్రాణం మీదికి తెస్తుంది

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో కొన్నేళ్లు పనిచేసిన సర్జన్లకు ఈ కేసులు కొత్త కాదు. మలద్వారంలోంచి పైకి వెళ్లిపోయిన సెంటు సీసా, పురుషాంగం మొదట్లో బిగుసుకుపోయిన ఇనుప రింగు, మూత్రాశయంలో చేరిన వైరు ముక్క. ఇలా వచ్చినవాళ్లలో చాలామంది అసలు విషయం వెంటనే చెప్పరు. బాత్రూంలో జారిపడ్డామంటారు, ఊరికే కడుపు నొప్పంటారు. అప్పటికే ఒకరోజో రెండు రోజులో ఎవరికీ తెలియకుండా దాచి, తమంతట తామే తీసుకోవాలని నానా తంటాలూ పడి ఉంటారు. ఆ తంటాల్లో తగిలిన గాయం, ఆ ఆలస్యంలో పెరిగిన వాపు చాలాసార్లు అసలు వస్తువు చేసిన హాని కంటే పెద్దవి.

18 ఏళ్లు నిండినవాళ్ల కోసం రాస్తున్న వ్యాసం ఇది. ఇలాంటి విషయం రాయడమెందుకని కొందరికి అనిపించవచ్చు. రాయకపోతే జనం మానేస్తారా? మానరు, తెలియకుండా చేస్తారు. ఉమ్మడి ఇంట్లో పార్సెల్ వస్తే ఎవరో ఒకరు ముందు విప్పి చూస్తారు. హాస్టల్ గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. ఇందుకోసమే తయారైన వస్తువు కొంటే పోలీసు కేసవుతుందేమోనన్న భయం ఇంకొకటి. దాంతో చేతికి అందినదేదో వాడతారు. అలా వాడేవాళ్లకు తమ శరీరం లోపల ఏముందో ఎవరూ చెప్పి ఉండరు.

ముందుగా ఒక భయం తీసేద్దాం. హస్తప్రయోగం జబ్బు కాదు, జబ్బు తెచ్చేదీ కాదు. నలభై చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యమన్న మాట మన దగ్గర తరతరాలుగా నడుస్తోంది. అందులో నిజం లేదు. వీర్యంలో ఎక్కువ భాగం వీర్యకోశాల్లోనూ ప్రోస్టేట్ గ్రంథిలోనూ ఊరే ద్రవం. బయటికి పోయినది మళ్లీ తయారవుతుంది. వీర్యం పోతోందని కుమిలిపోయి, ఆ దిగులుతోనే నీరసపడిపోయే స్థితికి 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. అక్కడ మనిషిని కుంగదీసేది దిగులే. ఆ దిగులు మరీ పట్టి పీడిస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

ఇక వస్తువుల సంగతి. ఇక్కడ అన్నిటికంటే పెద్ద తేడా బయటికీ లోపలికీ మధ్యది. శరీరం పైన వాడేదానికీ, శరీరం లోపలికి వెళ్లేదానికీ ఒకే నియమాలు సరిపోవు. దిండు, మడిచిన దుప్పటి, మెత్తని టవల్ లాంటివి పైన ఒత్తిడి కోసం వాడితే దాదాపు ఏ ప్రమాదమూ లేదు. మహా అయితే రాపిడికి చర్మం ఎర్రబడుతుంది, రెండు రోజులు ఆగితే తగ్గిపోతుంది. స్త్రీలలో చాలామందికి భావప్రాప్తి క్లిటోరిస్ (యోని ద్వారానికి పైన ఉండే సున్నితమైన భాగం) ద్వారానే కలుగుతుంది. క్లిటోరిస్‌లో పైకి కనబడే భాగం బయటే ఉంటుంది కాబట్టి, లోపలికి ఏదీ పెట్టాల్సిన అవసరమే చాలామందికి ఉండదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం ప్రమాదాలు ఆగిపోతాయని నా నమ్మకం.

మన బాత్రూముల్లో కమోడ్ పక్కన వేలాడే హెల్త్ ఫాసెట్ గురించి విడిగా చెప్పాలి. పైన నీటి ధార తగలడం వల్ల నష్టం లేదు. కానీ కొన్ని అపార్ట్‌మెంట్లలో ప్రెషర్ పంపు ఉంటుంది, మీట నొక్కగానే ధార సూదిలా వస్తుంది. ముందు అరచేతి మీద పట్టి చూడండి. చేతికే చురుక్కుమంటే, అంతకంటే సున్నితమైన చోట పెట్టకూడదు. షవర్ పైపైతే గీజర్ నీళ్ల సంగతి మరీ జాగ్రత్త. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. ఇక ధారను యోనిలోకి గానీ మలద్వారంలోకి గానీ నేరుగా కొట్టడం వద్దే వద్దు. యోనిలో ఉండే మేలు చేసే బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది. మలద్వారంలోకి వెళ్లిన బలమైన ధార పేగును చీల్చగలదు. గర్భిణులైతే యోనిలోకి గాలి గానీ నీళ్లు గానీ ఒత్తిడితో వెళ్లనివ్వకూడదు. గాలి బుడగ రక్తంలో కలిస్తే ప్రాణం పోవచ్చు.

యోని లోపలి దారి పైన మూసి ఉంటుంది. చివర గర్భాశయ ముఖద్వారం ఉంటుంది, దాని రంధ్రం చాలా సన్నది. కాబట్టి లోపల పెట్టిన వస్తువు కడుపులోకి వెళ్లిపోతుందన్న భయం అక్కర్లేదు. అసలు ప్రమాదాలు వేరు. వస్తువు లోపల విరగడం, గీరుకోవడం, ముక్క లోపలే మిగిలిపోవడం, ఇన్ఫెక్షన్ రావడం. కొవ్వొత్తి చూడడానికి నున్నగా ఉంటుంది గానీ పుటుక్కున విరుగుతుంది. అప్పడాల కర్ర చెక్క కాబట్టి సన్నని పేళ్లు లేచి ఉంటాయి, పిండి, నూనె, సూక్ష్మజీవులు దాని సందుల్లో చేరతాయి. ఎంత కడిగినా పూర్తిగా శుభ్రం కాదు. డియో బాటిల్ మూత లోపల ఊడిపోతుంది. మూతలేని సీసా లోపల వ్యాక్యూమ్ ఏర్పడి కండను పట్టి లాగుతుంది. గాజు వస్తువుల మాట చెప్పనే అక్కర్లేదు.

యోనిలో కూరగాయలు వాడేవాళ్లు ఉన్నారు. కీరదోస, క్యారెట్ వగైరా. వీటితో వచ్చే చిక్కు పైన అంటుకున్న మట్టి, పురుగు మందు, తొడిమ దగ్గరి గరుకుదనం. వాడాలనే అనుకుంటే గట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని బాగా కడిగి, ఫ్రిజ్ చల్లదనం పోయాక, కొత్త కండోమ్ తొడిగి వాడాలి. తర్వాత కండోమ్‌తో సహా పారేయాలి. కోసిన ముక్క, తొక్క తీసినది, మగ్గి మెత్తబడినది లోపల విరిగిపోతాయి కాబట్టి అవి పనికిరావు. కండోమ్ కొనడానికి మొహమాటమైతే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. ఒకసారి మలద్వారం దగ్గర వాడిన వస్తువును కండోమ్ మార్చకుండా యోని దగ్గరికి తేకూడదు. మలంలోని ఇ.కోలై బ్యాక్టీరియా మూత్రనాళంలోకి పాకితే మూత్రంలో మంట, జ్వరం రావచ్చు.

నూనెల విషయంలో మన ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. కొబ్బరినూనె, వాజెలిన్, బేబీ ఆయిల్ జారుడుగా ఉంటాయని వాడతారు. లేటెక్స్ కండోమ్‌కు నూనె పడదు. 1989లో ప్రచురితమైన ఒక ప్రయోగశాల పరీక్షలో, మినరల్ ఆయిల్ తగిలిన 60 సెకన్లకే కండోమ్ బలం దాదాపు 90 శాతం తగ్గిపోయింది. పైకి చూస్తే ఏమీ తెలియదు, లోపలికి వెళ్లాక చిరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్లీ ఒక ట్యూబు కొని పెట్టుకుంటే చాలు. అడిగేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కొన్ని షాపుల్లో జెల్లీ అనగానే లిగ్నోకైన్ కలిసినది ఇచ్చేస్తారు. అది తిమ్మిరెక్కించే మందు. నొప్పి అంటే ఆపమని శరీరం చెప్పే మాట. ఆ మాట వినబడకుండా చేసుకుంటే లోపల చీరుకుపోతున్నా తెలియదు. సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, తలనొప్పి బామ్ ఏదీ వాడకూడదు. తేనె, చక్కెర ఉన్న పదార్థాలు యోనిలో ఈస్ట్ ఇన్ఫెక్షన్‌ను పెంచుతాయి. అక్కడి సహజమైన పీహెచ్ 3.8 నుంచి 4.5 దాకా ఉంటుంది, ఆ ఆమ్లగుణమే రక్షణ.

మిరపకాయల సంగతి నవ్వుకునేది కాదు. పచ్చిమిర్చి తరిగిన చేయి, కారం కలిపిన చేయి నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా మంట పుట్టించే కాప్సైసిన్ పోదు, ఎందుకంటే అది నీళ్లలో కరగదు. ముందు కాస్త వంటనూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. పచ్చడి పెట్టిన రోజైతే ఆ చేతిని అటు పోనివ్వకపోవడమే మేలు.

పెళ్లికాని అమ్మాయిల్లో కన్నెపొర గురించిన టెన్షన్ ఎక్కువ. ఆ పొర ఆకారం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. దాన్ని చూసి ఎవరు ఏం చేశారో ఏ డాక్టరూ చెప్పలేరు. కన్యత్వ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదనీ, వాటిని ఆపేయాలనీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర ఐక్యరాజ్యసమితి సంస్థలు పిలుపునిచ్చాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో లోపల మిగిలిపోయిన ముక్కను దాచిపెట్టుకోవద్దు. దుర్వాసనతో స్రావం, జ్వరం, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, కళ్లు తిరగడం కనిపిస్తే అది గంటల్లో ముదిరే టాక్సిక్ షాక్ కావచ్చు, అంటే బ్యాక్టీరియా విషం ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే స్థితి.

మలద్వారం సంగతి పూర్తిగా వేరు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ద్వారం దగ్గర రెండు వలయాకార కండరాలుంటాయి. బయటిది మన మాట వింటుంది, బిగించమంటే బిగిస్తుంది, వదలమంటే వదులుతుంది. లోపలిది మన మాట వినదు, తనంతట తాను బిగిసి ఉంటుంది. భయపడితే, కంగారుపడితే ఇంకా బిగిసిపోతుంది. వాటిని దాటాక పురీషనాళం సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ పైన మూత ఏమీ ఉండదు, అది వంపు తిరిగి పెద్దపేగులో కలుస్తుంది. అంటే యోనిలా ఇది చివర మూసి ఉన్న దారి కాదు. వస్తువు మొత్తం లోపలికి వెళ్లిపోతే, లోపలి కండరం దాని వెనక మూసుకుంటుంది. మనిషి కంగారులో ముక్కుతాడు, వేళ్లతో లాగబోతాడు. వస్తువు ఇంకా పైకి జరుగుతుంది. పేగు గోడ దాన్ని చుట్టుకుని పీల్చి పట్టుకుంటుంది. సీసాలు, కప్పులు తీయడం డాక్టర్లకూ కష్టమయ్యేది ఈ పీల్పు వల్లే.

అందుకని మలద్వారం విషయంలో నియమం ఒక్కటే, దానికి మినహాయింపు లేదు. అడుగుభాగం ద్వారం కంటే బాగా వెడల్పుగా, లోపలికి పోవడం అసాధ్యమయ్యేలా ఉండాలి. ఇంట్లో దొరికే వస్తువుల్లో అలాంటిది దాదాపు ఏదీ లేదు. చేత్తో గట్టిగా పట్టుకుంటాను కదా అనుకుంటారు. జెల్లీ రాసిన చేయి జారుతుంది, భావప్రాప్తి సమయంలో కండరాలు తమంతట తాము ముడుచుకుని వస్తువును లోపలికి లాక్కుంటాయి. వస్తువుకు దారం కట్టుకుంటే చాలనుకోవడం కూడా పొరపాటే, దారం తెగుతుంది లేదా ముడి జారుతుంది. కూరగాయలు, బ్రష్షులు, టార్చిలైట్లు, సీసాలు, బల్బులు ఏవీ ఇక్కడ వాడకూడదు. ఎవరికైనా ఇందులో ఆసక్తి ఉంటే, గోళ్లు కత్తిరించుకున్న సొంత వేలు, దానికి డిస్పోజబుల్ గ్లవ్, పుష్కలంగా జెల్లీ. ఇంట్లో ఉన్నవాటిలో ఇంతకు మించి నేను దేనికీ సరే అనలేను. అంతకంటే కావాలంటే వెడల్పు అడుగుతో ఇందుకోసమే చేసిన సిలికాన్ వస్తువు కొనుక్కోవాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి ఆధారం ఉంది. ఇందుకోసమే తయారుచేసే వస్తువులకు 2021లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది, ఐఎస్ఓ 3533. ఎలాంటి పదార్థంతో చేయాలి, ఏమేం హెచ్చరికలు రాయాలి, మలద్వారంలో వాడేది లోపలికి జారిపోకుండా ఎలా ఉండాలి అన్నవి అందులో ఉన్నాయి. ఈ ప్రమాణం కోసం చొరవ తీసుకున్నది స్వీడన్‌కు చెందిన ఒక సర్జన్. ఇరుక్కుపోయిన వస్తువులను తీసి తీసి, దీన్ని తయారీ దశలోనే ఆపాలని ఆయనకు అనిపించింది.

మగవాళ్ల విషయంలో ప్రధాన ప్రమాదం రింగులు. నట్టు, బేరింగ్, పైపు ముక్క, ప్లాస్టిక్ బాటిల్ మెడ, వేలి ఉంగరం. అంగం మామూలుగా ఉన్నప్పుడు సులువుగా ఎక్కుతాయి. స్తంభించాక లోపలికి రక్తం తెచ్చే ధమనుల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి రక్తం వస్తూనే ఉంటుంది. బయటికి తీసుకెళ్లే సిరలు పలచనివి, అవి ముందు నొక్కుకుపోతాయి. వచ్చేది వస్తోంది, పోయేది పోవడం లేదు. వాపు పెరిగినకొద్దీ రింగు ఇంకా బిగుస్తుంది. ఈ గాయాలను తీవ్రతను బట్టి ఐదు దశలుగా విభజించిన పద్ధతిని 1991లో భట్, ఆయన సహచరులైన భారతీయ వైద్యులు ప్రచురించారు. మొదటి దశలో వాపు మాత్రమే, ఐదో దశలో కణజాలం చచ్చిపోవడం. ఈ రెండింటి మధ్య దూరం గంటలే కావచ్చు. ఇందుకోసమే అమ్మే రబ్బరు రింగులైనా 30 నిమిషాలకు మించి ఉంచకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు. లోహపు వస్తువు, సాగని వస్తువు, సన్నని దారం, రబ్బరు బ్యాండు అసలే వద్దు. ఇరుక్కుంటే ఇంట్లో హాక్సా బ్లేడుతో కోయబోవద్దు. ఆసుపత్రిలో దారం చుట్టి వాపు దించి జార్చేస్తారు, లేదా రింగు కట్టర్‌తో కోస్తారు. మందపాటి ఉక్కయితే దాన్ని కోసే సాధనాలు బయటినుంచి తెప్పిస్తారు.

వ్యాక్యూమ్ క్లీనర్ గురించి ఒక్క మాట. 1980లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీనివల్ల అయిన గాయాల మీద నివేదిక వచ్చింది. కొన్ని చిన్న మోడళ్లలో గొట్టానికి కాస్త లోపలే ఫ్యాను రెక్కలు తిరుగుతుంటాయి. గాయాలు ఎంత దారుణంగా ఉంటాయో ఊహించుకోవచ్చు. స్పాంజి, గ్లవ్, టవల్‌తో ఇంట్లోనే ఏదైనా అమర్చుకునేవాళ్లు లోపల కండోమ్ వాడాలి, గట్టి అంచు ఎక్కడా తగలకూడదు, రెండో చివర గాలి పోయేలా తెరిచి ఉండాలి. మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు. పైన గోరువెచ్చగా ఉండి లోపల సలసలా కాగుతుంది. బోర్లా పడుకుని పరుపుకేసి బలంగా రుద్దేటప్పుడు, స్తంభించిన అంగం వంగి టక్కుమని శబ్దం వచ్చి, వెంటనే మెత్తబడి, నల్లగా ఉబ్బిపోతే అది పెనైల్ ఫ్రాక్చర్. అదేరోజు ఆపరేషన్ అవసరమయ్యే గాయం.

మూత్రనాళంలోకి ఏదీ పెట్టకూడదు. రీఫిల్లు, ఇయర్‌ఫోన్ వైరు, హెయిర్‌పిన్ను ఏదైనా సరే. ఆడవాళ్లలో మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి చటుక్కున మూత్రాశయంలోకి జారిపోతుంది. మగవాళ్లలో మెలికల దారి, వైరు లోపల ముడిపడుతుంది. మూత్రాశయంలో ఉండిపోయిన వస్తువు చుట్టూ నెలల తరబడి రాయి పెరుగుతుంది. కరెంటు ప్లగ్గులో పెట్టే వస్తువులను తడి శరీరానికి తాకించకూడదు. ఉద్రేకం కోసం మెడకు చున్నీ, బెల్టు బిగించుకోవడం, ముఖానికి కవరు కట్టుకోవడం ఒంటరిగా ఉన్న ఎందరి ప్రాణాలో తీశాయి. స్పృహ సెకన్లలో పోతుంది, పోయాక విప్పుకునే చేయి ఉండదు. దానికి సురక్షితమైన పద్ధతంటూ ఏదీ లేదు.

ఇందుకోసమే తయారైన వస్తువులను కొనుక్కోవడం నేరమా అన్న ప్రశ్న మిగిలింది. ఈ వస్తువులను పేరుపెట్టి నిషేధించిన చట్టం మన దేశంలో లేదు. అశ్లీల వస్తువుల అమ్మకం, ప్రదర్శన గురించి ఐపీసీ 292 చెప్పేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 294వ సెక్షన్. దిగుమతుల్ని కస్టమ్స్ వాళ్లు ఆపిన సందర్భాలున్నాయి. అలా ఆపిన బాడీ మసాజర్లను నిషేధిత వస్తువులుగా చూడలేమని 2024లో బాంబే హైకోర్టు చెప్పింది. ఆన్‌లైన్‌లో ఇవి మసాజర్ పేరుతో దొరుకుతున్నాయి. కొనేటప్పుడు సిలికాన్ అని రాసి ఉన్నదే తీసుకోండి. వాసన కొట్టే మెత్తని ప్లాస్టిక్ జోలికి పోవద్దు. మోటారు లేని సిలికాన్‌ను నీళ్లలో మరిగించి శుభ్రం చేసుకోవచ్చు.

ఏదైనా లోపల ఇరుక్కుంటే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. పట్టకారు, చెంచా, కొక్కెం ఏదీ లోపలికి పెట్టకండి. విరేచనాల మందు వేసుకోవద్దు, ఎనిమా తీసుకోవద్దు. పేగు బలంగా కదిలితే వస్తువు గోడలోకి గుచ్చుకోవచ్చు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినకుండా, తాగకుండా, సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. కడుపు గట్టిపడి నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా, రక్తం పోతున్నా 108కి ఫోన్ చేయండి. కౌంటర్లో అందరి ముందూ వివరం చెప్పక్కర్లేదు. ఎమర్జెన్సీ, డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలి అంటే చాలు. డాక్టరుకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏ వస్తువు, ఎంత పొడవు, గాజా ప్లాస్టిక్కా, ఎప్పుడు వెళ్లింది, చివరిసారి ఎప్పుడు తిన్నారు. అలాంటిదే ఇంకొకటి ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లండి, ఎక్స్‌రేలో ప్లాస్టిక్ సరిగా కనబడదు. ఎవరైనా బలవంతం చేశారా అని అడుగుతారు, అది మీ రక్షణ కోసమే. రోగి విషయం గోప్యంగా ఉంచడం వైద్యవృత్తి నియమం. ఎమర్జెన్సీలో ముందు వైద్యం అందించాలని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎక్కువ కేసుల్లో కోత లేకుండానే, మత్తిచ్చి కింది నుంచే తీసేస్తారు. తీశాక పేగు లోపల చీలిక ఉందేమోనని గొట్టం కెమెరాతో చూస్తారు, కొన్ని గంటలు ఉంచుకుంటారు. ఇంటికి పంపాక రెండు మూడు రోజుల్లో జ్వరం, పెరిగే కడుపునొప్పి, వాంతులు, మలంలో రక్తం కనిపిస్తే, డిశ్చార్జి కాగితం పట్టుకుని వెంటనే అదే ఆసుపత్రికి తిరిగి వెళ్లాలి.